నోటుపై సంతకము

నా దినచర్య పుస్తకములో ఒక పాత పది రూపాయల నోటు ఉన్నది. దాని అంచులు నలిగినవి. మడత పడినచోట చిన్న చిరుగు కూడ కలదు. దానిని ఖర్చు చేయక నేను దాచుకొనుటకు కారణము దాని విలువ కాదు, దానిని చూచి ఒక బాలుడు నన్నడిగిన ప్రశ్న. ఆ బాలుడు అప్పుడు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుండెను.

అది 2011వ సంవత్సరము. బొబ్బిలికిని పార్వతీపురమునకును నడుమనున్న ఒక పల్లెలో నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేయుచుంటిని. నేను తెలుగు పండితుడనే యైనను, సాంఘికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినములలో ఆ తరగతియు నేనే తీసికొనుచుంటిని. ఆనాటి పాఠము బ్యాంకులను గూర్చినది. పుస్తకములోని మాటలు పిల్లల ముఖములలో ఏ కదలికయు పుట్టించకుండుటచే, జేబులోని పది రూపాయల నోటు తీసి వారి చేతికిచ్చితిని. వెనుకవైపున 15 భాషలలో దాని విలువ అచ్చువేయబడియుండును. అందులో తెలుగు ఎన్నవ వరుసలో ఉన్నదో కనుగొనుమంటిని. పైనుండి 14వది, క్రిందినుండి 2వది అని ముందు బల్లమీది బాలిక లెక్కించి చెప్పెను. ఆ తరువాత ముందువైపునున్న సంతకమును చూపితిని.

"ఇది రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకము. వీరి పేరు దువ్వూరి సుబ్బారావుగారు. మన విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకున్నారు" అంటిని.

తరగతి యంతయు సంతోషించినది. కోరుకొండ అనగానే ఆ పిల్లలకు రైలుబండి ఆగు చిన్న స్టేషను జ్ఞప్తికి వచ్చియుండును. అప్పుడు చివరి బల్లమీది బాలుడొకడు లేచి నిలుచుండెను.

"మన కోరుకొండలో చదివినాయనే అంత పెద్ద బ్యాంకుకి పెద్దయితే, కందిపప్పు ధర ఎందుకు తగ్గించలేదు మేష్టారూ? మాయమ్మ పప్పు వండి నెల్లాళ్లయింది."

పిల్లలందరు నవ్విరి. నేను నవ్వలేదు. అది పెద్ద విషయమనియు తరువాత చెప్పెదననియు పలికితిని. ఇంతలో గంట కొట్టిరి. ఆ సంవత్సరము గడచినది, వాడు పై తరగతులకు వెళ్లినాడు, 'తరువాత' అనునది మాత్రము రాలేదు. నిజము చెప్పవలెనన్న, ఆనాడు నాకు సమాధానము తెలియదు. దానిని తెలిసికొనుటకై సుబ్బారావుగారి జీవితమును గూర్చియు వారు చేసిన పనిని గూర్చియు చదువనారంభించితిని.

వారు 1949వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన ఏలూరులో జన్మించిరి. కోరుకొండలోని రాజభవనమును విజయనగరపు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు విద్యకొరకు ఈయగా, అందు 1962వ సంవత్సరము జనవరి 18వ తేదీన సైనిక పాఠశాల వెలసెను. దాని తొలినాళ్ల విద్యార్థులలో సుబ్బారావుగారొకరు. తరువాత ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లోను, కాన్పూరు ఐ.ఐ.టి.లోను భౌతికశాస్త్రము చదివిరి. ఈ సంగతి మీరు గమనింపవలెను. అర్థశాస్త్రమునకు పేరుగన్న యీ వ్యక్తి కళాశాలలో నేర్చినది అర్థశాస్త్రము కాదు. 1972లో సివిలు సర్వీసు పరీక్షలో దేశమున ప్రథములుగా ఉత్తీర్ణులై, ఆంధ్రప్రదేశములో ఐ.ఏ.ఎస్. ఉద్యోగమునకు వచ్చిరి. తొలుత సబ్ కలెక్టరుగా వారిని పంపినచోటు మన పార్వతీపురము.

పార్వతీపురము అప్పటికి శ్రీకాకుళము జిల్లాలోనిది. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడినపుడు అందులో చేరెను. 2022 నుండి పార్వతీపురం మన్యము అను జిల్లాకు తానే కేంద్రమైనది. ఆ యూరినుండి కురుపామువైపు, గుమ్మలక్ష్మీపురమువైపు పోయినచో కొండలు మొదలగును. సవరలు, జాతాపులు అచ్చట పోడు చేసికొని, చింతపండు, కొండచీపుళ్లు, పసుపు సంతకు తెచ్చి అమ్ముకొందురు. 1967వ సంవత్సరమునుండి కొన్నియేండ్లు ఆ కొండలు సాయుధపోరాటముతో అట్టుడికినవి. దానికి కారణములు పెక్కు కలవుగాని, మూలమున నున్నవి రెండు: భూమి, అప్పు. ఉప్పునకు, బట్టకు, పెండ్లికి చేసిన కొద్దిపాటి అప్పు వడ్డీతో పెరిగి పెరిగి, తుదకు తాతలనాటి పల్లపు పొలమును మ్రింగివేసెడిది. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోరాదని 1959లో ఒక నిబంధన వచ్చినది. 1970లో దానిని మరింత గట్టిపరచిరి. కొండసరకును న్యాయమైన ధరకు కొనుటకు విశాఖపట్నము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ 1956లోనే ఏర్పడియుండెను. ఇన్ని యున్నను వడ్డీవ్యాపారి మాటయే చాలచోట్ల చెల్లెడిది.

వడ్డీ అనిన ఏమియో నాకు పుస్తకమువలన తెలియలేదు. మా తండ్రిగారు తొలకరికి విత్తనపు ధాన్యము తెచ్చుకొని, కోతలనాటికి ఒకటికి ఒకటిన్నర చొప్పున కొలిచి ఇచ్చెడివారు. కల్లములోనుండి మా ధాన్యము మాయింటికి రాకముందే ఇంకొకరి బండిలోనికి ఎక్కుటను నేను చూచితిని. నగదు అప్పైనచో నూటికి నెలకు మూడు రూపాయలు. మూడు రూపాయలనగానే స్వల్పముగా తోచును. పండ్రెండు నెలలకు లెక్కకట్టినచో నూటికి 36. భౌతికశాస్త్రము చదివివచ్చిన యువకుడైన అధికారికి తొలి ఉద్యోగమున ఎదురైన పాఠశాల ఇట్టి అప్పుల నేల. వారి మనస్సులో అప్పుడేమి మెదలినదో నేను చెప్పజాలను. కాని 1978 నాటికి వారు అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయములో అర్థశాస్త్రమున పట్టము పొందిరి.

ఆ తరువాతి ప్రయాణమును త్వరగా చెప్పెదను. 1982–83లో వారు అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఉన్నత విద్యావేతనముపై చదివిరి. 1993 నుండి 1998 వరకు మన రాష్ట్రమునకు ఆర్థిక కార్యదర్శిగా ఉండిరి. రాష్ట్రప్రభుత్వముల ఆదాయవ్యయములను చక్కదిద్దుటను గూర్చి సిద్ధాంతగ్రంథము వ్రాసి, 1998లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము గైకొనిరి. అప్పటికి వారి వయస్సు ఏబదికి చేరువ. పగలెల్ల ఖజానా లెక్కలు చూచి, ఆ లెక్కలనుండియే పరిశోధన చేయుట సామాన్యమైన శ్రమ కాదు. 1999 నుండి 2004 వరకు ప్రపంచ బ్యాంకులో అర్థశాస్త్రవేత్తగా పనిచేసి, ఆఫ్రికా, తూర్పు ఆసియా దేశముల ప్రభుత్వ ఆర్థిక వ్యవహారములను పరిశీలించిరి. 2007లో కేంద్ర ఆర్థిక కార్యదర్శియైరి. ఒక ముచ్చట. ఒక రూపాయి నోటుపై ఉండునది ఆర్థిక కార్యదర్శి సంతకము. రిజర్వు బ్యాంకు విడుదలచేయు తక్కిన నోట్లమీద గవర్నరు సంతకము. వారు కార్యదర్శిగా ఉన్న కాలమున ఒక రూపాయి నోట్లు అచ్చగుటలేదు. అచ్చైయుండినచో ఆ చిన్న నోటుమీదను వారి పేరే కనబడెడిది!

2008వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన వారు రిజర్వు బ్యాంకు గవర్నరు పదవి చేపట్టిరి. వారికి ముందు ఆ పదవిలో నుండినవారు కడపజిల్లాలో జన్మించిన వై. వేణుగోపాలరెడ్డిగారు. ఇట్లు వరుసగా పదియేండ్లు మన నోట్లమీద తెలుగువారి సంతకములే యుండినవి.

పదవి చేపట్టిన పదవనాడు, సెప్టెంబరు 15వ తేదీన, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను పెద్ద ఆర్థిక సంస్థ దివాలా తీసెను. అక్కడెక్కడో ఒక సంస్థ పడిపోయినచో మనకేమి యని మీరడుగవచ్చును. మన సంతను తలచుకొనుడు. సంతలో ఒక పెద్దవర్తకుడు అప్పులెగగొట్టి రాత్రికిరాత్రి పారిపోయినాడనుకొందము. మరునాడు మంచి వర్తకునికి కూడ ఎవ్వరును అరువీయరు. ఎవని పెట్టెలో ఏమున్నదో ఎవనికిని తెలియదు. ఒక్కని మోసముచే అందరి నమ్మకము పోవును. నమ్మకము పోయిననాడు సరకుండియు సంత సాగదు. ప్రపంచములోని బ్యాంకులకు ఆనాడు పట్టిన గతి యిదియే. ఆ భయము మన దేశమును కూడ తాకెను.

రిజర్వు బ్యాంకు చేతిలోని సాధనములు కొద్దియే. బ్యాంకులకు అవసరమైనపుడు అది కొద్దికాలమునకు అప్పిచ్చును. దానిపై తీసికొను వడ్డీకి రెపో రేటని పేరు. అది తగ్గినచో బ్యాంకులు మనకిచ్చు అప్పులపై వడ్డీ మెల్లగా తగ్గును, పెరిగినచో పెరుగును. మరియు బ్యాంకులు తాము స్వీకరించిన జమలలో కొంతభాగము రిజర్వు బ్యాంకు వద్ద ఉంచవలెను. సుబ్బారావుగారు కొద్ది నెలలలో రెపో రేటును నూటికి 9 నుండి 4.75కు దించిరి. బ్యాంకులు ఉంచవలసిన భాగమును కూడ నూటికి 9 నుండి 5కు తగ్గించిరి. ఎండుచున్న చేలకు చెరువు తూము ఎత్తినట్లు డబ్బు పారినది. సంత ఆగలేదు.

తూము ఎత్తుట ఎంత అవసరమో, సమయమునకు దించుటయు అంత అవసరము. 2009లో వానలు నూటికి 22 వంతులు తక్కువ కురిసినవి. పప్పులు, కూరగాయలు ప్రియమైనవి. తరువాత ధరలన్నియు పైకి ప్రాకనారంభించినవి. 2010, 2011 సంవత్సరములలో టోకు ధరలు ఏడాదికి నూటికి తొమ్మిది దరిదాపుల పెరిగినవి. రిజర్వు బ్యాంకు 2010 మార్చి మొదలు 2011 అక్టోబరు లోపల 13 సారులు వడ్డీ పెంచి, రెపో రేటును 8.5కు చేర్చెను.

ఆ 13 సారులు మాయింట నేమి జరిగినదో చెప్పెదను. 2009లో నేను ఒక బ్యాంకులో అప్పుచేసి రెండుగదుల యిల్లు కట్టుకొంటిని. వడ్డీ కాలమునుబట్టి మారుచుండునని కాగితములో వ్రాసియుండెను. చదువకయే సంతకము చేసితిని. పిల్లలకు 'చదివి సంతకము చేయుడు' అని చెప్పిన పంతులు చేసిన పని యిది. నెలవాయిదా మారలేదుగదాయని నిశ్చింతగా ఉంటిని. ఒకనాడు బ్యాంకు నుండి జాబు వచ్చెను. వాయిదా మొత్తము పెరుగలేదుగాని, వాయిదాల సంఖ్య పెరిగినది. నా పదవీవిరమణకు ముందే తీరవలసిన అప్పు, పింఛను దినములలోనికి పాకిపోయినది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వార్తాపత్రికలో సుబ్బారావుగారి బొమ్మ కనబడినపుడెల్ల, కోరుకొండ సంబంధము కూడ మరచి, మనస్సులో నిందించుచుంటిని.

మా తల్లిగారి సంగతి వేరు. పొలము అమ్మగా వచ్చిన కొద్దిపాటి సొమ్మును ఆమె బ్యాంకులో కాలపరిమితి జమగా వేసియుండెను. వడ్డీ పెరిగిన వార్త నాకు దుర్వార్త, ఆమెకు శుభవార్త. ఒకే వసారాలో, ఒకే పత్రికను చదివి, తల్లి సంతోషించుచుండెను, కొడుకు దిగులుపడుచుండెను. జమ తిరుగవ్రాయించి వచ్చిననాడు నేను, "నీకేమమ్మా, వడ్డీ బాగా పెరిగింది" అంటిని.

ఆమె ఒక్క నిమిషము ఆలోచించి, "పెరిగింది నాయనా. పప్పు అంతకంటే పెరిగింది కదా!" అనెను.

ఆమె మూడవ తరగతి వరకే చదివినది. ఐనను ఆ మాటలో అర్థశాస్త్రములోని ఒక పెద్ద ప్రకరణమున్నది. పదివేల రూపాయలు నూటికి 8 చొప్పున వేసినచో ఏడాదికి 10,800 అగును. అదే యేడాదిలో ధరలు నూటికి 9 పెరిగినచో, పదివేలకు వచ్చిన సరకులకు 10,900 ఈయవలెను. కాగితముపై సొమ్ము పెరిగినది. వంటింటిలో నూరు రూపాయలు తరిగినది. దాచుకొన్నవాని సొమ్మును ఏ దొంగయు రాకుండగనే ధర యెత్తుకొనిపోవును.

మా తల్లికి వడ్డీయైనను వచ్చినది. నాకు ఇల్లైనను మిగిలినది. మరి పప్పు ధరనడిగిన బాలుని తల్లికి? ఆమెకు బ్యాంకులో జమలేదు, బ్యాంకు అప్పును లేదు. ఆమె అప్పు ఊరిలో, నూటికి నెలకు మూడు రూపాయలకు. రిజర్వు బ్యాంకు పావుశాతము తగ్గించినను, పెంచినను ఆమె వడ్డీ అంగుళమైనను కదలదు. ఆమెకు తగులునది ధర యొక్కటే. ఈ సంగతి నాకు తెలిసిన తరువాత సుబ్బారావుగారిపై నా కోపము తగ్గినది. నా అప్పు మాత్రము తగ్గలేదనుకొనుడు. వడ్డీ పెంచిన కొలది పరిశ్రమలవారు నొచ్చుకొనిరి. ప్రభుత్వముతో వచ్చిన భేదాభిప్రాయములను గూర్చి వారే 2016లో వెలువరించిన గ్రంథమున వ్రాసిరి. ఫిర్యాదు చేయగల గొంతులు అప్పుచేసినవారివి. పప్పు మానివేసినవారి గొంతు ముంబయి వరకు వినబడదు. గవర్నరుగా నున్నపుడు వారును, వారి తోటి అధికారులును మారుమూల పల్లెలకు పోయి ప్రజలతో మాటాడు కార్యక్రమమును చేపట్టిరి. అది బ్యాంకు 75 ఏండ్ల ఉత్సవము నాడు మొదలైనది.

ఐనను ఆ బాలునికి మనము అసత్యము చెప్పరాదు. వడ్డీ పెంచినంతమాత్రమున కంది చేను కాయదు. వానను కురిపించు అధికారము రిజర్వు బ్యాంకునకు లేదు. ఒక వస్తువు కొరతచే ప్రియమైనపుడు, ఆ ధర చూచి అన్ని ధరలు వెంటబడి పెరుగకుండ కొంత అడ్డుకొనగలదు, అంతే. ఆ అడ్డుకట్టయు పనిచేయుటకు నెలలు పట్టును. ఈలోపల కొందరి పనులు ఆగిపోవును. ఎంత పెంచవలెనో, ఎప్పుడు పెంచవలెనో చెప్పు పంచాంగము లేదు.

2013వ సంవత్సరము ఆగస్టు నెలలో మన రూపాయి విలువ ఎన్నడు లేనంతగా పడిపోయి, డాలరు ఒక్కింటికి 68 రూపాయలు దాటినది. పదవి ముగియుటకు వారమైనను లేదు. అట్టి దినములలో, ఆగస్టు 29వ తేదీన, ముంబయిలో నానీ పాల్కీవాలా స్మారకోపన్యాసము చేయుచు సుబ్బారావుగారు ఒక మాట ఒప్పుకొనిరి. వెనుదిరిగి చూచినచో, వడ్డీలను పెంచుట మరికొంత ముందుగా మొదలుపెట్టి, మరింత వేగముగా, గట్టిగా చేసియుండినచో దేశమునకు మేలు కలిగియుండెడిదని దాని సారాంశము. నిర్ణయము తీసికొన్ననాడు చేతికందిన లెక్కలు వేరనియు, తరువాత సవరింపబడిన లెక్కలు వేరనియు వారు చెప్పిరి. ఇది సాకుగా కొందరికి తోచవచ్చును. నాకట్లు తోచలేదు. నిండుసభలో ఆ మాట యనుమని వారినెవ్వరును నిర్బంధింపలేదు. ముప్పదియేండ్లకు పైగా పంతులుగా ఉండి, 'నిన్న నేను చెప్పినది తప్పు' అని తరగతిలో నేనెన్నిసార్లు అంటినో లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లు కూడ ఎక్కువే.

సెప్టెంబరు 4వ తేదీన వారు పదవినుండి విరమించిరి. ఆ పిమ్మట సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయములోను, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములోను విద్వాంసులుగా ఉండిరి. 2024లో తమ జీవితానుభవములను వేరొక పుస్తకముగా వెలువరించిరి. పెద్దవారైన పిమ్మట మీరు దానిని చదువవచ్చును.

నేను పదవీవిరమణ చేసిన తరువాత ఒకనాడు పార్వతీపురములో బజారున పోవుచుండగా, ఒక కిరాణా దుకాణములోనుండి "మేష్టారూ!" అని కేక వినబడెను. చూతునుగదా, చివరి బల్లమీది ఆ బాలుడే. మీసము వచ్చినది, పొడవైనాడు. దుకాణము తనదే. బ్యాంకు అప్పుతో పెట్టినాడట. ముక్కాలిపీట వేసి కూర్చుండబెట్టి, టీ తెప్పించెను. అర కిలో కందిపప్పు కట్టుమంటిని. వాడు తూచుచుండగా నాకు నవ్వు వచ్చినది. ఆనాటి ప్రశ్న జ్ఞప్తిచేసితిని. వాడు మరచిపోయినాడు! నేను మాత్రము, ఇన్నాళ్లకు దొరికినాడుగదాయని, తూమును, సంతను, వానను, మా తల్లి మాటను వరుసగా చెప్పితిని. మధ్యలో ఇద్దరు ముగ్గురు వచ్చి సరకులు కొనిపోయిరి. వాడు ఓపికగా విన్నాడు. పుస్తకములోనుండి నోటు తీసి చూపగా, వెనుకకు త్రిప్పి తెలుగు వరుసపై వ్రేలుంచి, "పద్నాలుగోది" అన్నాడు. అది మాత్రము వానికి గుర్తున్నది.

నోటు తిరిగి నా చేతికిచ్చుచు అడిగినాడు: "అయితే మేష్టారూ, ఈసారి వడ్డీ తగ్గిస్తారా, పెంచుతారా? నా అప్పు ఇంకా మూడేళ్లుంది."

"నీకు తగ్గాలి. ఇప్పుడు నేను బ్యాంకులో వేసుకున్న జమమీద బతుకుతున్నాను గనక నాకు పెరగాలి" అంటిని.

ఇద్దరము నవ్వుకొంటిమి. పప్పు ధర యెంతయని అడిగితిని. చెప్పినాడు. అంతయా యంటిని. తాను కొన్న ధర చీటీ తీసి చూపబోయినాడు; అక్కరలేదని సొమ్ము చెల్లించితిని. పది రూపాయల నోటును మాత్రము తిరిగి పుస్తకములో పెట్టుకొంటిని.